కిమ్ స్టేషన్ నుంచి రెండు వైపులా



ఈమధ్య మన పిల్లలు చదువులకనీ ఉద్యోగాలకనీ యూరప్ వెళ్తున్నారు. సెలవు దొరికితే పాత నగరాలు చూసొస్తున్నారు. వాట్సాప్‌లో ఫొటోలు పంపుతున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువలు. డెల్ఫ్ట్‌లో పాత చర్చి. గౌడా అనే ఊళ్ళో వేడివేడిగా చేతికిచ్చే తీపి బిళ్ళ. రెండు పల్చటి రేకుల మధ్య పాకం పూసి ఇస్తారు. చూసి ముచ్చటపడతాం. మనకెక్కడ కుదురుతుందిలే అనుకుని ఫోను పక్కన పెట్టేస్తాం.

ఆ దేశం పేరు నెదర్లాండ్స్. మనకు అలవాటైన పేరు హాలండ్. అక్కడివాళ్ళే డచ్చివాళ్ళు. చాలా చిన్న దేశం. తెలంగాణలో సగం కూడా ఉండదు. గుజరాత్‌తో పోలిస్తే ఐదో వంతు.

ఇవాళ మిమ్మల్ని ఆ దేశం తీసుకెళ్ళను. నాలుగు వందల ఏళ్ళ కింద ఆ దేశమే మన దగ్గరికి వచ్చింది. వచ్చి ఏం వదిలి వెళ్ళిందో చూడాలంటే పాస్‌పోర్టు అక్కర్లేదు. కిమ్ స్టేషన్‌లో ఒక లోకల్ టికెట్ కొంటే చాలు.

కిమ్ ఎక్కడుందో తెలియని శ్రోతలకు రెండు మాటలు చెప్పాలి. గుజరాత్‌లో సూరత్ జిల్లా, ఓలపాడ్ తాలూకా. ముంబయి నుంచి వడోదర వెళ్ళే పెద్ద లైను మీద ఒక చిన్న స్టేషన్. దగ్గర్లో కిమ్ నది. చుట్టూ చెరకు. హైవే దాటి పిపోదరా వైపు వెళ్తే షెడ్ల నిండా సాంచాల చప్పుడు. సాంచాలంటే మర మగ్గాలు. సిరిసిల్ల శ్రోతలకు నేను చెప్పక్కర్లేదు.

మన కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నేతపనివాళ్ళు సూరత్‌లో తరాలుగా ఉన్నారు. లింబాయత్ వీధుల్లో నడిస్తే తెలుగు వినపడుతుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. నగరం పెరిగేకొద్దీ మగ్గాలు ఊరి బయటికి జరిగాయి. సాయణ్ వచ్చాయి, కిమ్ వచ్చాయి. మనవాళ్ళు కొందరు వాటి వెంట వచ్చారు.

వీళ్ళను అడిగి చూడండి. ఇన్నేళ్ళున్నారు కదా, సూరత్‌లో ఏం చూశారు అని. రింగు రోడ్డు మీద బట్టల మార్కెట్ చూశాం అంటారు. డుమస్ సముద్రం చూశాం అంటారు. అంతే. తప్పు వాళ్ళది కాదు. పన్నెండు గంటల షిఫ్టు చేసినవాడికి చరిత్ర పుస్తకం చదివి, ఆపైన ఊరు తిరిగే ఓపిక ఎక్కడిది?

అందుకే ఇవాళ ఒకే ఒక్క ఉపాయం చెప్తాను. పుస్తకం వద్దు. గైడు వద్దు. ఒక రోజు, ఒక ఊరు, ఒక తిండి. సెలవు రోజు ఒక్క ఊరే ఎంచుకోండి. ఆ ఊళ్ళో పేరున్న ఒక్క తినుబండారమే ఎంచుకోండి. అది కొనుక్కుని, అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి. ఇది ఇక్కడే ఎందుకు? గుజరాతీలో అడగాలంటే, ఆ అహీంజ్ కేమ్ బనే ఛే? నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. కండెలో దారం కొస దొరికినట్టే. కొస పట్టుకుని లాగితే మిగతాది దానంతట అదే వస్తుంది.

మనకు తెలిసిన ఊరితో మొదలుపెడదాం. ఆత్రేయపురం పూతరేకులు అందరూ తిన్నారు. అవి ఆత్రేయపురంలోనే ఎందుకు? అడిగి చూస్తే, కుండ బోర్లించి దాని మీద పల్చటి బియ్యప్పిండి జారు పూస్తామంటారు. బియ్యం ఎక్కడివి? గోదావరి కాలువల కింద పండినవి. కుండ కింద మంట దేనిది? ఎండు కొబ్బరాకుది. లోపల బెల్లం ఎక్కడిది? చుట్టుపక్కల చెరకుది. చూశారా, ఒక్క రేకు విప్పితే డెల్టా అంతా బయటికి వచ్చింది. వరి, కొబ్బరి, చెరకు, కాలువ. ఎవరూ పాఠం చెప్పలేదు. మనం తింటూ అడిగాం, అంతే.

ఇదే పని కిమ్ నుంచి చేద్దాం. ప్లాట్‌ఫారం మీద నిలబడితే రెండు దారులు. దక్షిణం వైపు లోకల్ ఎక్కితే సుమారు పాతిక కిలోమీటర్లలో సూరత్. ఉత్తరం వైపు ఎక్కితే ముప్పై అయిదు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా భరూచ్. రెండూ ఒక్కరోజులో చూడాలని మాత్రం బయల్దేరకండి. ఒక రోజు, ఒక ఊరు.

ముందు సూరత్ వెళ్దాం.

సూరత్ తిండికి పేరున్న ఊరు. గుజరాతీవాళ్ళకు ఒక సామెత ఉంది. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని. సూరత్‌లో ఏది కొందామా అని చూస్తే తల తిరుగుతుంది. నన్నడిగితే నాన్‌ఖటాయితో మొదలుపెట్టమంటాను. తెలుగు ఊళ్ళలో కూడా బేకరీల్లో దొరుకుతుంది. గుండ్రంగా, పైన పగుళ్ళతో, నోట్లో పెట్టుకుంటే పొడిపొడిగా కరిగే బిస్కెట్టు. మైదా, నెయ్యి, చక్కెర. ముఖ్యంగా ఈ మూడే. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. తర్వాత వీటితో పని ఉంది.

ఇది ఇక్కడే ఎందుకు?

సూరత్ నాన్‌పురాలో దోటీవాలా అనే పాత పార్సీ బేకరీ ఉంది. వాళ్ళ ఇంట్లో చెప్పుకునే కథ ఇది. డచ్చివాళ్ళు సూరత్‌లో ఉన్న రోజుల్లో ఒక దంపతులు రొట్టెల బట్టీ పెట్టారు. పనికి పార్సీలను పెట్టుకున్నారు. డచ్చివాళ్ళు వెళ్ళిపోతూ ఆ బట్టీని ఫరామ్‌జీ పెస్టన్‌జీ దోటీవాలా అనే పనివాడికి ఇచ్చి వెళ్ళారు. ఆయన రొట్టెలు కాల్చాడు. కానీ కొనేవాళ్ళు లేరు. ఎందుకంటే పిండి పులియడానికి అందులో కల్లు పోసేవారు. కల్లు పోసిన రొట్టె స్థానికులు ముట్టరు. రొట్టెలు మిగిలిపోయి, ఎండి, గట్టిపడ్డాయి. ఆ ఎండు రొట్టెలు టీలో ముంచుకుంటే బాగున్నాయని జనం చవగ్గా కొనడం మొదలుపెట్టారు. అప్పుడాయనకు దారి దొరికింది. కల్లు మానేశాడు. గుడ్డు లేకుండా, నెయ్యి వేసి, ఇక్కడివాళ్ళు తినే తీపిని ఆ బట్టీలోనే కాల్చాడు. అదే నాన్‌ఖటాయి అంటారు.

ఇలాంటి ఇంటి కథల్లో తేదీలు కాస్త తేలుతుంటాయి. నాన్‌ఖటాయి పుట్టుక గురించి వేరే కథలూ ఉన్నాయి. కథను కథగానే వినండి. డచ్చివాళ్ళు సూరత్‌లో ఉన్నారన్నది మాత్రం కథ కాదు. చరిత్ర.

1602లో హాలండ్‌లో వాళ్ళ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1605లో మన మచిలీపట్నం వచ్చారు. 1616లో సూరత్ వచ్చారు. వాళ్ళకు నిజంగా కావలసింది జాజికాయ, లవంగం. అవి దొరికేది ఇప్పటి ఇండొనేషియా దీవుల్లో. మరి మధ్యలో మన దగ్గర ఏం పని? ఆ దీవులవాళ్ళు లవంగానికి బదులు అడిగింది బట్ట. గుజరాత్ బట్ట, బందరు బట్ట. బట్ట పట్టుకెళ్తేనే లవంగం. ఆ మసాలాలు యూరప్ చేరి, హాలండ్ ఇళ్ళలో డిసెంబరు పండక్కి చేసే బిస్కెట్లలో పడ్డాయి. అవి ఇప్పటికీ దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వేసే చేస్తారు. అంటే ఆ బిస్కెట్టు వెనక ఒక నేతగాడు ఉన్నాడు. ఆ నేతగాడు ఏ భాష మాట్లాడేవాడో మీరే ఊహించుకోండి.

నాన్‌ఖటాయి పొట్లం చేతిలో ఉంది కదా. ఇప్పుడు ఆటో ఎక్కి కతార్‌గామ్ దర్వాజా వైపు వెళ్ళండి. అక్కడ పాత సమాధుల తోటలున్నాయి. ఒకటి ఇంగ్లీషువాళ్ళది. దగ్గర్లోనే డచ్చివాళ్ళది. ఆర్మీనియన్లదీ ఉంది. సమాధులంటే మోకాటి ఎత్తు రాళ్ళనుకునేరు. రెండంతస్తులు, గుమ్మటాలు, స్తంభాలు. దూరం నుంచి చూస్తే ఎవరో నవాబు కట్టించుకున్నవనిపిస్తుంది. ఇంగ్లీషు కంపెనీ అధికారి జార్జ్ ఆక్సెండెన్ 1669లో ఇక్కడ చనిపోయాడు. అతనికీ అతని సోదరుడికీ కలిపి పెద్ద కట్టడం కట్టారు. దాన్ని మించాలని డచ్చివాళ్ళు తమ పెద్దమనిషికి ఇంకా ఘనంగా కట్టారంటారు. బతికినన్నాళ్ళూ నీలిమందు మీద, బట్ట మీద పోటీ పడ్డారు. పోయాక గుమ్మటాల మీద కూడా పడ్డారు. వ్యాపారస్తులు కదా.

ఆ డచ్చి పెద్దమనిషి గురించి కాస్త ఆగి చెప్పాలి. పేరు హెండ్రిక్ వాన్ రీడ్. కేరళలో డచ్చి గవర్నరుగా పనిచేశాడు. అక్కడి చెట్లూ మందుమొక్కలూ చూసి ఆశ్చర్యపోయాడు. ఇట్టి అచ్యుతన్ అనే మలయాళీ వైద్యుణ్ణి, ముగ్గురు కొంకణీ పండితులను కూర్చోబెట్టి, ఒక్కో మొక్కకూ బొమ్మ గీయించి, గుణాలు రాయించాడు. అదే పన్నెండు సంపుటాల హోర్టస్ మలబారికస్. మొదటిది 1678లో అచ్చయింది. ఆ తర్వాత కంపెనీ ఆయనకు ఇంకో పని అప్పగించింది. కంపెనీ ఉద్యోగులు లంచాలు మేస్తున్నారు, లెక్కలు తనిఖీ చెయ్యమంది. ఊరూరూ తిరిగి లెక్కలు చూస్తూ, 1691 డిసెంబరులో సూరత్ వస్తుండగా ఓడలోనే చనిపోయాడు. తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు. లంచాలు పట్టుకోవడానికి వచ్చిన మనిషికి అంత ఖర్చు పెట్టి సమాధి కట్టిన ఆ కంపెనీ లెక్కలు ఎవరు చూశారో నాకు తెలియదు.

అక్కడ ఒక్క మాట గమనించండి. కతార్‌గామ్ ఒకప్పుడు పాప్డీ చిక్కుడుకు పేరు. సంక్రాంతికి సూరత్‌వాళ్ళు చేసుకునే ఉంధియు కూరలో ఆ లేత చిక్కుడే పడాలి. దాంతో పాటు పెండలం, చిన్న వంకాయలు, మెంతికూర ఉండలు. ఇప్పుడు కతార్‌గామ్ నిండా వజ్రాలు సానపట్టే కార్ఖానాలు. పాదులు పోయాయి. పేరు మాత్రం బజార్లో నిలిచింది. కతార్‌గామ్ పాప్డీ అనే ఇప్పటికీ అడుగుతారు.

కాళ్ళల్లో సత్తువుంటే చౌక్ బజార్ దగ్గర కోట చూడండి. 1540ల్లో గుజరాత్ సుల్తాను కట్టించింది. పోర్చుగీసువాళ్ళు తాపీ నది మీంచి వచ్చి ఊరు తగలబెడుతుంటే తట్టుకోలేక కట్టించాడు. కార్పొరేషన్ బాగు చేయించి లోపల మ్యూజియం పెట్టింది. దగ్గర్లోనే ముగలీసరా. 1644లో కట్టిన సత్రం. మక్కా యాత్రికులు ఓడ కోసం ఎదురుచూస్తూ దిగేవారు. ఇప్పుడది కార్పొరేషన్ ఆఫీసు. పన్ను కట్టడానికి వెళ్ళినవాళ్ళు చరిత్రలోనే క్యూ కడతారు. తెలియక కడతారు.

మిగతా తినుబండారాల సంగతి గబగబా చెప్తాను. లోచో అని ఒకటుంది. శనగపిండితో ఖమణ్ అనే ఆవిరి వంటకం చెయ్యబోతే పిండి పలచనై గట్టిపడలేదట. పారెయ్యకుండా నూనె, కారప్పూస లాంటి సేవ్ వేసి వడ్డించారట. ఉదయం పూటే తినాలి. ఘారీ అని ఇంకొకటి. కోవా లోపల, నెయ్యి పూత పైన. శరత్ పూర్ణిమ మర్నాడు చాందీ పడ్వో. ఆ రాత్రి సూరత్ అంతా ఫుట్‌పాత్‌ల మీద, మేడల మీద చాపలు పరుచుకుని ఘారీ తింటుంది. చలికాలంలో పొంక్. అదేమిటని భయపడకండి. మన ఊస బియ్యం. లేత జొన్న కంకులు కాల్చి, దులిపి తీసిన పచ్చి గింజలు. మనం చేలో నిలబడి ఉత్తవే నములుతాం. వాళ్ళు నిమ్మకాయ మిరియాల సేవ్ కలిపి తింటారు. ఎండాకాలంలో గలేలీ అమ్ముతారు. కొని చూడండి. తాటి ముంజలు. ఊరు గుర్తొచ్చి కళ్ళు చెమరిస్తే నన్ను తిట్టుకోకండి.

ఇంకో సెలవు రోజు తాపీ నది దాటండి. వంతెన అవతల రాందేర్. సూరత్ కంటే పాత రేవు. 1530లో పోర్చుగీసువాళ్ళు దాన్ని కొల్లగొట్టారు. ఆ తర్వాతే సూరత్ పెరిగింది. ఇక్కడ కొనాల్సింది ఖావ్‌సా. సేమ్యా లాంటి నూడుల్స్ మీద కొబ్బరిపాలు, శనగపిండి కలిపిన పులుసు. పైన కరకరలాడే వేపుడు ముక్కలు. కూరగాయలతో దొరుకుతుంది, మాంసంతోనూ దొరుకుతుంది. గుజరాత్‌లో కొబ్బరిపాల పులుసా? అడగండి మరి. ఇది ఇక్కడే ఎందుకు?

జవాబు, రంగూన్. రాందేర్ ముస్లిం వర్తకులు బర్మాలో పెద్ద పెద్ద కొట్లు పెట్టారు. రంగూన్‌లో సూర్తీ బజార్ ఉండేది. సూర్తీ మసీదు ఇప్పటికీ ఉంది. అక్కడ తిన్న ఖౌస్వే అనే నూడుల్స్ వంటను ఇంటికి తెచ్చుకున్నారు. రాందేర్‌లో ఖావ్‌సా అయింది.

మనకు సంబంధం లేదనుకునేరు. అదే రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన తెలుగువాళ్ళు. కోరంగి రేవు నుంచి, కాకినాడ నుంచి, విశాఖ నుంచి ఓడెక్కి వెళ్ళిన కూలీలు. అక్కడ వాళ్ళ పేరే కోరంగీలు. బేరం రాందేర్ సేఠ్‌ది, భుజం మీద మూట మనవాడిది. 1942లో జపాన్ రంగూన్ పట్టుకున్నప్పుడు ఇద్దరూ పారిపోయి వచ్చారు. సేఠ్‌లలో చాలామందికి తిరిగొచ్చి దిగడానికి పాత మేడలున్నాయి. రాందేర్‌లో ఆ మేడలు ఇంకా నిలబడి ఉన్నాయి. చెక్క నగిషీలు చూడండి. కూలీలు నడిచొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందో ఇక చెప్పక్కర్లేదు. ఖావ్‌సా తింటున్నప్పుడు ఈ సంగతి నా మనసులోంచి పోదు.

ఇక ఉత్తరం వైపు బండి ఎక్కుదాం. కిమ్ నుంచి భరూచ్.

బండి ఎక్కేముందు కిమ్ దగ్గరి సంగతి ఒకటి. మన ఓలపాడ్ తాలూకాలోనే భాట్‌గామ్ అనే పల్లె ఉంది. 1930లో గాంధీగారు దండికి నడుస్తూ మార్చి 29న అక్కడ ఆగారు. ఆ సాయంత్రం ఆయన మాట్లాడింది బ్రిటిషువాళ్ళ గురించి కంటే తమ సొంత జట్టు గురించి ఎక్కువ. యాత్రవాళ్ళ కోసం సూరత్ నుంచి లారీలో పాలు తెప్పించారు. బరువైన దీపం ఒక కూలీ నెత్తిన పెట్టి మోయించారు. ఇది చూసి ఆయనకు కోపం, దుఃఖం రెండూ వచ్చాయి. పేదల తరపున నడుస్తూ ఈ ఖర్చేమిటి అని నిలదీశారు. మన సరదా ప్రయాణానికి అంత కఠిన నియమం పెట్టను. కానీ ఊళ్ళో దొరికేది తినండి. ఆ ఊరు వెళ్ళి పిజ్జా వెతకకండి.

సరే, బండి కదిలింది. కోసంబా దాటింది. అంకలేశ్వర్ దాటింది. నర్మద వచ్చింది. కిటికీ పక్కన కూర్చోండి. రైలు వంతెన పక్కనే ఇంకో పాత ఇనుప వంతెన కనిపిస్తుంది. దాన్ని గోల్డెన్ బ్రిడ్జి అంటారు. 1881లో తెరిచారు. అంతకుముందు కట్టినవి వరదలకు మళ్ళీ మళ్ళీ దెబ్బతిన్నాయి. పెట్టిన డబ్బుతో బంగారు వంతెనే కట్టొచ్చని జనం అన్న మాట పేరైపోయింది.

భరూచ్‌లో కొనాల్సింది ఖారీ సింగ్. ఉప్పు పల్లీలు. ఇంతేనా అంటారు. తిని చూడండి. పల్లీలను ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, వేడి ఇసుకలో వేపుతారు. ఉప్పు పైన అంటుకుని ఉండదు, లోపలికి దిగి ఉంటుంది. పొట్టు చేత్తో నలిపితే ఊడిపోతుంది. అనంతపురంవాళ్ళు కూడా మెచ్చుకోవాల్సిందే. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. సముద్రాలు దాటి మన దేశానికి వచ్చింది. ఓడలు ఆగే ఊళ్ళో ఆ గింజకు పేరు రావడం నాకు వింతగా లేదు.

పొట్లం పట్టుకుని నర్మద ఒడ్డుకు వెళ్ళి కూర్చోండి. ఇప్పుడు ఒక పాత పుస్తకం గురించి చెప్తాను. సుమారు రెండు వేల ఏళ్ళ కింద ఈజిప్టు నుంచి గ్రీకు భాషలో రాసేవాడు ఒకడు, బహుశా వ్యాపారి, మన సముద్రాల్లో తిరిగాడు. పేరు తెలియదు. ఏ రేవులో ఏం దొరుకుతుంది, ఏం అమ్ముడుపోతుంది అని రాసిపెట్టుకున్నాడు. ఎర్ర సముద్రపు పెరిప్లస్ అని ఆ పుస్తకానికి పేరు. అందులో భరూచ్ బరిగాజా. నది నోరు ప్రమాదం అంటాడు. పోటు వస్తే ఓడ తిరగబడుతుందంటాడు. అందుకని రాజుగారి కొలువులో ఉన్న స్థానిక జాలర్లు పెద్ద పడవల్లో ఎదురెళ్ళి, ఓడలకు దారి చూపి తీసుకొచ్చేవారట.

బరిగాజాకు సరుకు ఎక్కడి నుంచి వచ్చేది? పైఠాన్ నుంచి. అంటే మన శాతవాహనుల ప్రతిష్ఠానం. ఇరవై రోజుల ప్రయాణం. దారి లేని చోట్ల బండ్ల మీద సరుకు తెచ్చేవారు. బట్టలు మాత్రం పైఠాన్‌కు తూర్పున ఉన్న తగర నుంచి వచ్చేవి. అప్పుడు కూడా దక్కన్ నుంచి బట్ట ఇటే వచ్చింది. ఇప్పుడు నేసేవాళ్ళే వస్తున్నారు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది వేరే చోట ఉంది. ఆఫ్రికా రేవులకు ఈ తీరం నుంచి ఏమేం వెళ్తాయో రాశాడు. గోధుమ వెళ్తుంది. బియ్యం వెళ్తాయి. నెయ్యి వెళ్తుంది. నువ్వుల నూనె, నూలు బట్ట. ఆ పైన, గడలోంచి వచ్చే తేనె, దాన్ని సక్కరి అంటారు, అని రాశాడు. పాపం, అతనికి చెరకు కొత్త.

గోధుమ, నెయ్యి, చక్కెర. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను. మైదా గోధుమదే కదా. నాన్‌ఖటాయిలో పడేవి ఆ మూడే. డచ్చివాళ్ళు సూరత్ రావడానికి పదిహేను వందల ఏళ్ళకు పైగా ముందే ఈ రేవులో ఓడలకెక్కాయి. కాబట్టి ఆ బేకరీ కథ నిజమే అనుకున్నా, డచ్చివాళ్ళు తెచ్చింది బట్టీ ఒక్కటే. అందులో పెట్టినదంతా ఇక్కడిది. ఆ చెరకు ఇప్పటికీ ఉంది. కిమ్ నుంచి సాయణ్ వైపు వెళ్తుంటే రైలుకు రెండు పక్కలా కనిపించేది అదే. సాయణ్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది. సీజన్‌లో చెరకు బండ్లు రోడ్డు వదలవు. రోజూ దాటిపోయే ఆ చేనే చరిత్ర అని నాకు చాలా కాలం తట్టలేదు.

భరూచ్‌లో నేతపనివాళ్ళు తప్పక చూడాల్సింది ఒకటుంది. సుజనీ. అది దుప్పటి. బొంత కాదు, కుట్టిన రజాయి కాదు. రెండు పొరల బట్టను ఒకేసారి నేస్తూ, గళ్ళు గళ్ళుగా జేబులు వచ్చేలా చేస్తారు. మగ్గం మీద ఉండగానే ఒక్కో జేబులో దూది పెట్టి, మూసి, ముందుకు నేస్తారు. సూది ముట్టదు. ఇద్దరు మనుషులు చెయ్యాల్సిన పని. నేసే కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి. సాంచా మీద రోజంతా గడిపే మనవాళ్ళు ఆ మగ్గం ముందు నిలబడితే, నాకంటే ఎక్కువ సంగతులు వాళ్ళకే కనిపిస్తాయి. పోగులెన్ని, అచ్చు ఎట్లా కట్టారు అని అడగండి. మాట కలుస్తుంది.

మళ్ళీ చెప్తున్నాను. ఒక రోజు, ఒక ఊరు, ఒక తిండి. అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న. ఇది ఇక్కడే ఎందుకు? జనం ముసురుకున్నప్పుడు అడగకండి. విసుక్కుంటాడు. ఉదయం కొట్టు తీసిన కొత్తల్లోనో, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడో అడగండి. ముందు కొనండి, తర్వాత అడగండి. పావు కిలో చాలు. ఇంటికి కిలోలు మోసుకురావాలని లేదు. పిల్లలుంటే ప్రశ్న వాళ్ళతోనే అడిగించండి. వాళ్ళ గుజరాతీ మనకంటే బాగుంటుంది. పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పినంత ఓపికగా మనకు చెప్పరు కూడా. సమాధుల తోటల్లో తినకండి, రాళ్ళ మీద పేర్లు గీయకండి. ఎండ ముదరక ముందే వెళ్ళి రండి.

చివరిగా బందరు శ్రోతలకు ఒక మాట. కిమ్ దూరం, సూరత్ దూరం అనుకోకండి. డచ్చివాళ్ళు సూరత్ కంటే పదకొండేళ్ళ ముందే మీ ఊరు వచ్చారు. 1824 ఒప్పందంతో రెండు ఊళ్ళనూ ఇంగ్లీషువాళ్ళకు వదిలేశారు. మీ దగ్గర వలందపాలెం ఉంది. అది వాళ్ళ పేటే. పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. డచ్చివాళ్ళ సమాధులు, వాటి మీద చెక్కిన రాళ్ళు ఉన్నాయి. మీ చేతిలో లడ్డు ఉంది. దాన్ని తొక్కుడు లడ్డు అని ఎందుకంటారో, శనగపిండిని అంతసేపు ఎందుకు దంచుతారో, ఆ పని బందరులో ఎవరు మొదలుపెట్టారో ఈ ఆదివారం మిఠాయి కొట్టులో అడగండి. ఏం చెప్పారో ఒక ఉత్తరం ముక్క రాసి ఆకాశవాణికి పంపండి. నాకూ తెలుసుకోవాలని ఉంది.